గుర్రం నిలవని రివాల్వర్

మా అన్నయ్య సంవత్సరీకాలు అయిన కొద్ది రోజులకు ఆయన కొడుకు సురేంద్ర జగ్గయ్యపేట నుంచి నందిగామలో మా ఇంటికి వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి తోలే లారీల మనిషి. ఫోను చెవి మీద నుంచి దించడు. అలాంటివాడు భార్యనీ, అప్పుడప్పుడే అడుగులేస్తున్న పిల్లనీ వెంటబెట్టుకుని స్వీట్ల పెట్టెతో వచ్చాడంటే పనేదో ఉండే ఉంటుందనుకున్నాను. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టకుండానే చెప్పాడు. "అత్తా, తాతయ్య రివాల్వర్ నా పేరు మీదికి మార్పించుకుంటున్నా. వారసులకి అభ్యంతరం లేదని సంతకాలు కావాలంట. అమ్మ పెట్టేసింది. నువ్వొక్కదానివి పెడితే అయిపోద్ది." అన్నయ్య పోయాక దాన్ని విజయవాడలో తుపాకుల షాపులో అప్పగించి ఉంచారు. ఇప్పుడు తీసి చూసిన షాపాయన దానిలో ఏదో లోపం ఉందన్నాడట. "దాని గుర్రం, అదే వెనక ఉండే మీట, లాగితే ఒక్కోసారి నిలబడట్లేదంట. లోపల ఎవరో ఎప్పుడో ఆకురాయి పెట్టి రుద్దారంట. సామాన్లు ఇప్పుడు దొరకవు గానీ, మళ్లీ కొంచెం రుద్దిస్తే పనికొస్తదిలే" అన్నాడు.

వాడి భార్య పిల్లను ఒళ్లో సర్దుకుంటూ, "అదేనా, మీ మామ్మ ఎవరో కాల్చుకున్నారని మావయ్యగారు చెప్తుండేవారు?" అని అడిగింది. సురేంద్ర నవ్వాడు. "అదే. మా తాత చెల్లెలు, రాజ్యం మామ్మ. తుడుస్తా తుడుస్తా దాంతో ఆటలాడి చెయ్యి కాల్చుకుంది." ఆ నవ్వు మా అన్నయ్యది. నాన్న మాత్రం ఆ కథ చెప్పేటప్పుడు ఎన్నడూ నవ్వలేదు. గుర్రం ఎందుకు నిలబడదో, దాన్ని రుద్దిందెవరో, ఏం తెలుసుకుందామని రుద్దాడో నాకు తెలుసు. ఆ సంగతి తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. పెన్ను మూత తీయకుండానే పక్కన పెట్టి, రేపు చెప్తానన్నాను.

మా ఊరు నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య, రోడ్డుకి కాస్త లోపలికి ఉంటుంది. నల్లరేగడి, పత్తి, మిరప. ఎండాకాలం వస్తే మా ఇంట్లో ఏ గది తలుపు తీసినా ఎండుమిర్చి ఘాటుకి తుమ్ములు వచ్చేవి. ఆ ఘాటుతో పాటు ఇంకో రెండు వాసనలుండేవి. వీధి వసారాలో నాన్న చేతుల నుంచి వచ్చే కిరసనాయిలు వాసన ఒకటి, పక్కగదిలో అత్తయ్య కుట్టుమిషను నూనె వాసన ఒకటి. నాన్నకు యంత్రాలంటే ప్రాణం. బావి మీది ఆయిలింజను మొరాయిస్తే మెకానిక్కు కోసం కబురు పంపేవాడు కాదు. విప్పి, పాత పంచె మీద ఒక్కొక్క ముక్కా వరసగా పేర్చి, తప్పెక్కడుందో పట్టుకునేదాకా అన్నానికి లేచేవాడు కాదు. "యంత్రం అబద్ధమాడదు. అడగటం చేతకావాలి" అనేవాడు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు రేడియోలు, పంపులు పట్టుకొచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్లు.

రాజ్యమత్తయ్య నాన్నకు చెల్లెలు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఇంట్లో అందరికన్నా ముందు లేచి, పత్తికట్టెతో పొయ్యి రాజేసి, మజ్జిగ చిలికి, మధ్యాహ్నం వంటిల్లు కడిగి, గిన్నెలు బోర్లించేదాకా ఆమె ఇంటి మనిషి. ఆ తర్వాత మిషను మనిషి. చెవి వెనక సుద్దముక్క పెట్టుకుని, పళ్ల మధ్య దారం తెంపుకుంటూ దీపాలు పెట్టేవేళదాకా కుట్టేది. టేపు పట్టకుండానే మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూసి, "నీకు భుజం జారుద్దిలేవే, నేను చూసుకుంటా" అనేది. నందిగామలో శాంతమ్మ టీచరుగారని ఒకావిడ కుట్టుపని నేర్పేవారు. బస్సెక్కి వెళ్లి ఆమె దగ్గర కటింగ్ నేర్చుకుంది. నేను నందిగామ కాలేజీలో డిగ్రీ చదువుతున్నప్పుడు నా జాకెట్లు ఎవరు కుట్టారని అడగని పిల్ల లేదు. ఆ ఏడు ఉగాది వెళ్లాక జగ్గయ్యపేట బజారులో ఒక గది తీసుకుని షాపు పెట్టాలని అనుకుంది. గది చూసుకుంది, ఇద్దరు పిల్లల్ని పనికి మాట్లాడుకుంది. ఇంటి ఆడది బజార్లో కూర్చోవటమేంటని నాన్న కొన్నాళ్లు గొణిగి, చివరకు సరేనన్నాడు. అత్తయ్య మొహంలో అంత వెలుగు నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

రివాల్వర్ మా తాతయ్యది. మునసబు చేసినాయన. తెల్లదొరల కాలంలోనే అది పాతదట. దాన్ని ఎన్నిసార్లు పేల్చాలంటే అన్నిసార్లూ బొటనవేలితో గుర్రాన్ని వెనక్కి లాగవలసిందే. గుర్రమంటే తూటాని వెళ్లి కొట్టే మీట. లాగితే తూటాల చక్రం ఒక గది తిరుగుతుంది. గుర్రానికి కిందనున్న గాడిలో ట్రిగ్గర్ కొస పడి, గుర్రం అలా వెనక్కే నిలబడిపోతుంది. ఇక వేలితో ట్రిగ్గర్ నొక్కితే తప్ప ముందుకు పడకూడదు. చేతిలో పట్టుకున్నవాడి ధైర్యమంతా దాని మీదే. ఇంటికి పెద్దమనుషులు వస్తే నాన్న దాన్ని బయటికి తెచ్చి గుర్రం లాగేవాడు. టక్ టక్‌మని వచ్చే ఆ చప్పుడుకి వచ్చినవాళ్లు కాళ్లు దగ్గరికి ముడుచుకుంటే నాన్నకు సంబరం. తూటాలు తీసెయ్యమని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. "తూటాల్లేని తుపాకి చూపించేదానికి సిగ్గుండొద్దా?" అనేవాడు.

ఉగాది ఇంకా కొన్నాళ్లుందనగా ఒక రోజు మా మేనమామ, ఆయన వెంట గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన వచ్చారు. భోజనాలయ్యాయి. నాన్న రివాల్వర్ తెచ్చి, గుర్రం లాగి, నేల వైపు పెట్టి పట్టుకుని, తాతయ్య దొంగల్ని తరిమిన కథ మొదలుపెట్టాడు. నేను మధ్యగది గడపలో తమలపాకుల పళ్లెంతో నిలబడి ఉన్నాను. అత్తయ్య మజ్జిగ గ్లాసులు తెచ్చి, వంగి, వ్యాపారి ముందు ఒకటి పెట్టి, నాన్న ముందు పెట్టబోతోంది. అప్పుడు పేలింది. గ్లాసు ఎగిరి గోడకు కొట్టుకుంది. అత్తయ్య అరవలేదు. తన కుడి అరచేతిని, అది ఎవరిదో అన్నట్టు, వింతగా చూసుకుంటూ అలాగే కూర్చుండిపోయింది.

నందిగామ ఆసుపత్రికి జీపులో తీసుకెళ్లాం. అత్తయ్య తల నా ఒళ్లో ఉంది. ముందు సీట్లోంచి నాన్న వెనక్కి తిరిగి, ఏడుస్తూనే చెప్పాడు. "రాజ్యం, తుడుస్తుంటే పేలిందని చెప్పమ్మా. నా చేతిలో ఉందంటే నన్ను లోపలేస్తారు. ఇల్లు మునిగిపోద్ది." మామయ్య కూడా అదే మంచిదన్నాడు. అత్తయ్య కళ్లు మూసుకునే తలాడించింది. విచారణకు వచ్చిన ఎస్సై అరుగు మీద కుర్చీ వేయించుకుని, ఆమె చెప్పింది రాసుకుని, నిశాని తీసుకున్నాడు. ఆమెకు సంతకం వచ్చు. పెట్టే చెయ్యి లేక ఎడమచేతి వేలిముద్ర వేయించారు.

చెయ్యి ఉంది గానీ పని పోయింది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు వంగేవి కావు. కత్తెర పట్టు దొరకలేదు. శాంతమ్మ టీచరుగారు చూడటానికి వచ్చి, "ఎడం చేత్తో నేర్పుతానమ్మా, నిదానంగా అలవాటవుతుంది" అన్నారు. ఎడమ చేత్తో మా కత్తెర పడితే బట్ట తెగేది కాదు, రెండు అలుగుల మధ్య నలిగేది. ఎడమచేతివాళ్ల కత్తెర ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కుంటానన్నారు టీచరుగారు. "ఇంక చాల్లేండి. దాన్ని ఇబ్బంది పెట్టబాకండి" అన్నాడు నాన్న వసారాలోంచి. ఆవిడను లోపలికి పిలిచి కూర్చోబెట్టే అలవాటు మా ఇంట్లో లేదు. నిలబడే వచ్చారు, నిలబడే వెళ్లిపోయారు. జగ్గయ్యపేటలో గది ఇంకెవరో తీసుకున్నారు. ఎడమ చేత్తో అన్నం తినటం నలుగురూ చూడటానికి ఇష్టం లేక, అత్తయ్య అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో గోడ వైపు తిరిగి తినటం మొదలుపెట్టింది. చచ్చేదాకా అలాగే తింది. ఎడమ చేత్తో వడ్డించకూడదని వడ్డనకు రానిచ్చేవాళ్లు కాదు. ఊళ్లో మరో మాట పుట్టింది. మొగుడు పోయిన మనిషికి తుపాకితో ఏం పని? చావబోయిందట, గురి తప్పిందట. దాన్ని కాదనాలంటే నిజం చెప్పాలి. అందుకని మా ఇంట్లో ఎవరూ కాదనలేదు.

కేసు మూసేశాక రివాల్వర్ తిరిగి ఇంటికి వచ్చింది. ఆ ఎండాకాలమంతా నాన్నకు వేరే పని లేదు. ఆ మధ్యకాలంలో ఆయన సగానికి సగం చిక్కిపోయాడు. కంచం ముందు కూర్చుని కుడిచేతి చూపుడువేలిని మడిచి, చాచి, మడిచి చూసుకుంటూ ఉండేవాడు. చెల్లెలి చేతిని తలుచుకుని కుమిలిపోతున్నాడనుకున్నాను. జాలి పడ్డాను కూడా. తూటాలన్నీ తీసేసి, రివాల్వర్‌ని పాత పంచె మీద విప్పాడు. మొదట మురికి అనుకున్నాడు. ముక్కలన్నీ కిరసనాయిల్లో నానబెట్టి, కోడి ఈకతో సందులన్నీ తుడిచి, మళ్లీ బిగించి గుర్రం లాగాడు. నిలబడింది. బొటనవేలితో వెనకనుంచి నెమ్మదిగా నెట్టి చూశాడు, నిలబడింది. చాలాసార్లు నిలబడి, ఇక బాగుందిలే అనుకునేసరికి, తాకీ తాకకముందే టప్పున పడిపోయింది. అది ఉత్తిగా కొట్టుకుని విరగకుండా మధ్యలో గుడ్డముక్క మడిచి పెట్టేవాడు. తర్వాత స్ప్రింగు మీద అనుమానపడ్డాడు. ట్రిగ్గర్‌ని ముందుకు తోసి పట్టుకునే బద్దలాంటి స్ప్రింగు అది. సత్తువ తగ్గి కొస గాడిలో గట్టిగా దిగటం లేదేమోనని, ఉక్కుబద్ద కోసి, కాల్చి, నూనెలో ముంచి కొత్తది చేశాడు. అది పెట్టాక కూడా పడింది. చక్రం వదులేమోనని చూశాడు. ఇరుసు మేకు అరిగిందేమోనని చూశాడు. పడినప్పుడల్లా మా వాళ్లందరూ ఉలిక్కిపడేవాళ్లు. వంటింట్లో అత్తయ్య చేతిలో గిన్నె జారేది. వసారా మానేసి గొడ్లపాకలో చేసుకోరాదా అని అమ్మ అడిగితే, "వెలుతురుండాలి" అన్నాడు.

చివరకు ఒక మధ్యాహ్నం గుర్రాన్నీ ట్రిగ్గర్‌నీ రెంటినీ బయటికి తీసి, ఎండలో భూతద్దం కింద పెట్టుకుని చూస్తూ నన్ను పిలిచాడు. "అమ్మాయ్, నీ కళ్లు బాగుంటయ్. ఇటు రా. ఈ గాడి అంచు ఎట్టా ఉందో చెప్పు." చూశాను. గుర్రానికి కింద వరసగా చిన్నచిన్న గాళ్లున్నాయి. గుర్రం పూర్తిగా వెనక్కి వచ్చి నిలిచే కడపటి గాడి తప్ప మిగతావాటి అంచులు పదునుగా ఉన్నాయి. ఆ ఒక్కదానికి అంచే లేదు, అరిగి నున్నగా జారుగా ఉంది. ట్రిగ్గర్ కొస మూల కూడా పెచ్చు లేచిపోయి ఉంది. "అంచు లేదు నాన్నా. గుండ్రంగా అరిగిపోయింది. ఇందులో ఏదీ నిలబడదు" అన్నాను. నాన్న భూతద్దం తీసుకుని మళ్లీ చూశాడు. తర్వాత, నాతో కాదు, తనలో తనే అనుకున్నట్టు, "నేను నొక్కలేదు. నొక్కలేదని అనుకుంటానే ఉన్నా. దానంతటదే పడింది" అన్నాడు.

ఆ ఎండాకాలమంతా ఆయన వెతికింది ఏమిటో అప్పుడు అర్థమైంది. తన వేలు ట్రిగ్గర్ మీద ఉందో లేదో ఆయనకే తెలియదు. తెలియక నలిగిపోయాడు. ఇప్పుడు ఆయనకు విడుదల దొరికింది. లేచి బావి దగ్గరికి వెళ్లి తలారా స్నానం చేసి వచ్చి, ఎన్నాళ్లకో ఆకలేస్తోందని అమ్మను పిలిచాడు. రెండోసారి పెరుగు వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి అత్తయ్యతో అన్నాడు. "రాజ్యం, తప్పు దానిదేనే. నేను నొక్కలా. గాడి అరిగిపోయింది." అత్తయ్య పీట మీద నుంచి తలెత్తి చూసి, "పోన్లే అన్నయ్యా. నీ మనసు కుదుటపడింది" అంది. ఆయన వెళ్లి పడుకున్నాడు. ఆ గురక వింటూ నేను వసారాలో ఆ ఇనప ముక్కల ముందు కూర్చుని ఉన్నాను. లేచాక అడిగాను. "మరి ఊళ్లో చెప్పు నాన్నా. అత్తయ్య ముట్టుకోలేదని చెప్పు." "ఏమని చెప్పాలి? నా చేతిలో ఉందని చెప్పాలా? లైసెన్సు ఉంటదా? ఇప్పుడు చెప్తే దాని చెయ్యి తిరిగొస్తదా?" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆకురాయితో గాడి అంచు రుద్ది, పదును తెచ్చి, బిగించి, బీరువాలో పెట్టేశాడు. యంత్రాన్ని అడగటం చేతనైన మనిషి. జవాబు దొరికాక దాన్ని తన ఒక్కడి కోసం ఉంచుకున్నాడు.

నేను ఊరుకోలేదు. శ్రావణమాసంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేశారు. అక్షింతలు వెయ్యటానికి అత్తయ్య ముందుకొస్తే బంధువులావిడ ఒకామె, "చావబోయిన చేత్తో అక్షింతలేంటమ్మా" అంది, అందరికీ వినపడేట్టు. నా నోరు ఆగలేదు. "అత్తయ్య ముట్టుకోలేదు. తుపాకి నాన్న చేతిలో ఉంది. గాడి అరిగి దానంతటదే పేలింది. నేను కళ్లారా చూశా" అన్నాను. నాన్న నా వైపు చూడలేదు, అత్తయ్య వైపు చూశాడు. అత్తయ్య అక్షింతలు పళ్లెంలో పెట్టేసి, "దానికేం తెలుసండీ, చిన్నపిల్ల. నేనే ముట్టుకున్నా. నా బుద్ధి గడ్డి తిని ముట్టుకున్నా" అంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పంతులుగారు కథ మొదలుపెట్టారు.

దొడ్లో పట్టుకుని అడిగాను. "ఎందుకట్టా చెప్పావ్ అత్తయ్యా? నిజం నీకు తెలవదా?" "నా చెయ్యేగానే. నాకు తెలవకపోతే ఎవరికి తెలుసుద్ది?" అంది. "నువ్వు చదువుకుని ఎటో పోతావ్. నేనెక్కడికి పోవాలి? షాపు ఉంటే వేరే సంగతి. ఇప్పుడు ఈ ఇంట్లోనే గదా నేను తినాల్సింది." మిషను ఉన్నప్పుడు ఆమె ఎవరి దయ మీదా లేదు. పోయిన చేతితో పాటు నిజం చెప్పే చోటు కూడా పోయింది. నాకు ఉద్యోగం వచ్చి నందిగామలో ఇల్లు తీసుకున్నాక నా దగ్గరికి వచ్చెయ్యమన్నాను. "ఇన్నాళ్లకి నీ దగ్గరికొస్తే, నువ్వన్నది నిజమని నేనే చాటినట్టు అవుద్ది. మీ నాన్న తలెత్తుకోలేడు" అంది. నాన్న తలెత్తుకునే పోయాడు. ఆ తర్వాత అన్నయ్య ఇంట్లో, వంటింటి గోడ వైపు తిరిగి తింటూ తింటూ, అత్తయ్య కూడా పోయింది. ఆమె పోయాకే అన్నయ్య ఆ కథను నవ్వుతూ చెప్పటం మొదలుపెట్టాడు.

మర్నాడు సురేంద్ర ఫోను చేస్తే రమ్మని పిలిచి, ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు. మధ్యలో ఫోను మోగితే కట్ చేశాడు కూడా. "అయ్యో... అంత జరిగిందా అత్తా? పాపం మామ్మ. కానీ ఇప్పుడు అదంతా ఎవరికి కావాలి చెప్పు? అందరూ పోయారు. తాతయ్య గురించి మాత్రం ఇంకెక్కడా అనబాకు, మంచి పేరున్న మనిషి. సంతకం ఇక్కడ" అని వేలు పెట్టి చూపించాడు. మా నాన్న కనీసం భయపడ్డాడు. ఒక అబద్ధాన్ని నిలబెట్టుకోవటానికి చెల్లెల్ని బతిమాలుకున్నాడు, నొక్కానేమోనన్న అనుమానంతో నెలల తరబడి తిండి మానాడు. ఇప్పటివాళ్లకు అబద్ధమైనా అక్కర్లేదు. నిజం వినిపిస్తే, పాపం అని, పక్కకు జరుపుతారు. అందుకు వాళ్లకు ఏ ఖర్చూ లేదు. "మళ్లీ రుద్దించి, ఎవరికి చూపిస్తావురా దాన్ని? నీ ఇంట్లో అడుగులేసే పిల్ల తిరుగుతోంది" అన్నాను. "తూటాలు పెట్టనులే అత్తా." తూటాల్లేని తుపాకి చూపించడానికి సిగ్గుపడే ఇల్లు మాది. సంతకం పెట్టలేదు.

పెట్టకపోగా, నా అభ్యంతరం ఏమిటో రాసి, లైసెన్సులిచ్చే ఆఫీసుకి నేనే వెళ్లి ఇచ్చాను. గుర్రం గాడి అరిగి ఉందని, ఒకసారి రుద్ది సరిచేశారని, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలి ఒక మనిషి చెయ్యి పోయిందని రాశాను. కాగితం తీసుకున్న ఉద్యోగి యువకుడు, మర్యాదస్థుడు. పాత కాగితాలు తిరగేసి, "మేడమ్, ఇందులో ఆవిడే నిర్లక్ష్యంగా ముట్టుకున్నారని ఉందండి. అది మార్చడానికి ఉండదు. ఆయుధం మాత్రం పరీక్షకు పంపిస్తాం" అన్నాడు. పంపించారు. పరీక్షించినవాళ్లు గుర్రం నిలవటం లేదని, రుద్దినచోట గట్టి పొర పోయి లోపలి మెత్తటి ఉక్కు తేలిందని, మరమ్మతుకు పనికిరాదని తేల్చారు. రివాల్వర్‌ని ధ్వంసం చెయ్యటానికి పక్కన పెట్టారు. తుపాకి తప్పు అలా తేలింది. అత్తయ్య తప్పు అలాగే ఉండిపోయింది.

సురేంద్ర నాతో మాట్లాడటం మానేశాడు. వాడు మానేస్తే మానేశాడు గానీ, ఆ వారమంతా మా ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. ఖమ్మం నుంచి, హైదరాబాదు నుంచి, మా ఊరి నుంచి, నేను పేరు కూడా మర్చిపోయిన వరసల వాళ్లు చేశారు. తాతల నాటి వస్తువు, వంశానికి గుర్తు, ఎంత పని చేశావమ్మా అన్నారు. మా వదిన ఏడ్చింది. ఒకాయన ఆటో కట్టించుకుని నందిగామ దాకా వచ్చి, నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, చాలాసేపు తల పట్టుకున్నాడు. ఆయనకు మంచినీళ్లు ఇచ్చి, ఊరుకోండి అని ఓదార్చి పంపాను. అత్తయ్య చెయ్యి పోయినప్పుడు మా ఇంటికి పరామర్శకు వచ్చింది శాంతమ్మ టీచరుగారు ఒక్కరే.